తొట్టి అడుగున రాళ్లు

ఒబ్దూలియా కుండీ అడుగున గుప్పెడు ఎర్ర గులకరాళ్లు పోసి, మట్టి నింపి, మొక్క నాటి పక్కకు జరిపింది. కాలవల ఊరు షొచిమిల్కో పూలతోటల్లో ఆమె చేతికి వచ్చిన పని ఇదొక్కటే. అడుగున రాళ్లు లేకపోతే నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లిపోతాయి. ఈ పనిలోనే జుట్టు నెరిసింది, నడుము వంగింది. గోళ్లలో మట్టి ఎంత తోమినా పోదు. తోటలో ఆమెను ఎవరూ తిట్టిందీ లేదు, మెచ్చుకున్నదీ లేదు.

ఆ అలవాటే ఇప్పుడు కొంప ముంచింది. మొన్న ఆదివారం ఆమె, తమ్ముడు సిరినో మంచం పక్కనుండే నీళ్ల తొట్టిని కడిగి, నీళ్లు తేటగా ఉంటాయని అందులోనూ అవే రాళ్లు పరిచింది. తొట్టిలో అతను పెంచుకునేది అహొలోతె. అక్కడి కాలవల్లో పుట్టే నల్లటి జీవి. నాలుగు పొట్టి కాళ్లు, మెడకు రెండు పక్కలా కుచ్చుల్లాంటి మొప్పలు. అది వానపామును కొరకదు, నోరు తెరిచి నీళ్లతో సహా గుటుక్కున లాగేస్తుంది. ఈసారి వానపాముతో పాటు రాయి కూడా లోపలికి పోయింది. పొట్ట ఒక పక్కకు ఉబ్బింది.

సిరినో మంచం పట్టి చాలా కాలమైంది. ఆ తర్వాత చూపూ పోయింది. పక్కనే తొట్టిలో అది కదిలే చప్పుడు చెవిన పడితేగాని తిండికి నోరు తెరవడు. అది పోతే వీడూ ముద్ద మానేస్తాడని ఆమె భయం.

మధ్యాహ్నం పని వదిలేసి, కాలవలో చేపలు పట్టే నాబోర్ మామను పిలుచుకొచ్చింది. ఆయన తొట్టిలోకి వంగి చూశాడు.

“ఏమ్మా, దీన్ని కూడా కుండీలో నాటుదామనుకున్నావా?”

ఆమె మట్టిచేతి వెనకభాగంతో కళ్లు తుడుచుకుంది.

“సర్లే, ఏడవబాక. పొట్ట పిసికేవు, చచ్చిపోద్ది. చల్లటి నీళ్లలో విడిగా ఉంచు. తిండి పెట్టొద్దు. రాయి దానంతటదే రావాల.”

“రాకపోతే?”

“రాకపోతే మనమేం చేస్తాం, ఒబ్దూలియా.”

తొట్టిలో రాళ్లన్నీ ఏరేసింది. ముందురోజు పట్టి ఉంచిన నీళ్లు తెల్ల బకెట్లో పోసి, పెరటి నీడలో పెట్టి, అహొలోతెను అందులోకి దింపింది. చుట్టూ ఐసు సీసాలు ఆనించింది. ఇక చేసేదేమీ లేక పక్కనే చతికిలబడింది. పని లేకుండా అంతసేపు కూర్చోవడం ఆమె ఎరగదు.

పొద్దు వాలుతుండగా దాని తోక ఒకసారి ముడుచుకుని సాగింది. రాయి జారి బకెట్ అడుగున పడింది. “వచ్చేసింది” అని ఒబ్దూలియా తనలో తనే నవ్వుకుంది. అంతలోనే అది మెల్లగా పక్కకు ఒరిగింది. మొప్పల కుచ్చులు ఆడటం మానేశాయి. వేలితో కదిపినా కదల్లేదు. తన్నుకొచ్చిన ఏడుపు బయటికి వినపడకుండా గౌను అంచు నోట్లో కుక్కుకుంది.

“అక్కా, రాయి బయటికొచ్చిందా?” లోపల్నుంచి సిరినో అడిగాడు.

“వచ్చిందిరా.”

“అయితే దాన్ని తొట్టిలో వదులు. నీళ్ల చప్పుడు లేకపోతే ఏం తోచట్లా.”

ఆమె చిక్కుడుగింజల పులుసు గిన్నెతో వెళ్లి మంచం పక్కన కూర్చుంది. ఒక చేత్తో చెంచా పట్టుకుని, రెండో చెయ్యి తొట్టిలో ముంచి నీళ్లు కదిలించింది. సిరినో చాలాసేపు విన్నాడు.

“అంత గట్టిగా కలపకక్కా. అది అట్టా ఈదదు” అని, చెంచా కోసం నోరు తెరిచాడు.

ఆమె తినిపించింది. తడి చెయ్యి తొట్టిలోంచి తీయలేదు.

పెరట్లో తెల్ల బకెట్ అడుగున చిక్కుడుగింజంత ఎర్రరాయి అలాగే ఉంది.