నీళ్ళ వాటా

మణెమ్మ వంటింట్లో కూర్చుని గోంగూర ఒలుస్తోంది. వరండాలో భర్త సుందరరావు డిగ్రీ పిల్లలు ఐదుగురికి ట్యూషన్ చెబుతున్నాడు. నరసరావుపేటలో ఒక కాలేజీలో ఆయన కెమిస్ట్రీ లెక్చరరు. ఆమె చేతులు ఆకుల మీద ఉన్నా చెవులు మాత్రం లెక్క మీదే ఉన్నాయి.

"లీటరు నీళ్ళలో హైడ్రోక్లోరిక్ ఆసిడ్ పది టు ది పవర్ మైనస్ ఎనిమిది మోల్. పవర్ మైనస్ ఎనిమిది గనుక పీహెచ్ ఎనిమిది. రాసుకోండి."

"సార్, ఏడు దాటితే క్షారం గదండీ." షహనాజ్ గొంతు అది. కుట్టుమిషను ఇమాం సాహెబ్ కూతురు, ఆ ఐదుగురిలో ఒక్కతే ఆడపిల్ల. "ఆసిడ్‌లో ఎన్ని నీళ్ళు పోస్తే మాత్రం క్షారం ఎట్టా అయిద్దండీ?"

"ఫార్ములా ప్రకారం వచ్చింది రాసుకో అమ్మాయ్. ప్రతిదానికీ అడ్డు ప్రశ్న."

కాసేపటికి సుందరరావు మంచినీళ్ళు తాగొస్తానని చెప్పి లోపలికి వచ్చాడు. కుండ వైపు పోలేదు. లెక్క రాసిన కాగితం మణెమ్మ ముందు పెట్టి, "ఏమే, ఇదేందో చూడు. తొందరగా," అన్నాడు.

ఆరేళ్ళుగా ఇదే వరస. ఎడ్లపాడు బడిపంతులు కూతురు మణెమ్మ గుంటూరులో బీయస్సీ ఫస్టు క్లాసులో ప్యాసై కాపురానికి వస్తే, "చదువు పొయ్యి ఊదుద్దా?" అంది అత్త రాజమ్మ. చదువు పొయ్యి ఊదలేదు గానీ, సుందరరావు నోట్సంతా రాసింది. బలహీన ఆమ్లాల సమతాస్థితి, బఫర్లు, అన్ని లెక్కలూ లాగరిథమ్ టేబుళ్ళు తిరగేస్తూ, చంకలో చంటిపిల్లతో, ఒక కన్ను పాల మీద వేసి చేసినవే. ఆ పుస్తకం అట్ట మీద పేరు మాత్రం ఆయనది. తోటి లెక్చరర్లు ఇంటికొచ్చి, "మీ ఆయన నోట్సు అరటిపండు ఒలిచి పెట్టినట్టుంటదమ్మా," అంటే కాఫీ గ్లాసులు అందిస్తూ తలాడించేది. "మా ఆవిడకీ కాస్త కెమిస్ట్రీ తెలుసులే," అని ఆయన నవ్వేవాడు. ఆ 'కాస్త' ఆమెకు చేపముల్లులా గొంతులో అడ్డం పడేది. ఒకసారి వాళ్ళ ముందే ఆయన మాటలో తప్పు చూపిస్తే, వాళ్ళు వెళ్ళాక, "నీ పని నువ్వు చూసుకో," అన్నాడు. తన పని ఏదో ఆమెకు ఇప్పటికీ అర్థం కాలేదు.

గోంగూర పక్కకు జరిపింది. తప్పు చూడగానే తెలిసింది. అంత పలచటి ఆసిడ్‌లో నీళ్ళు తమంతట తాము ఇచ్చే హైడ్రోజన్ అయాన్లే ఎక్కువ. ఆయన వాటిని లెక్కలోకే తీసుకోలేదు. వాటినీ కలిపి సమీకరణం వేసి, వర్గమూలం తీసి, టేబుల్ చూసింది. ఆరు పాయింట్ తొమ్మిది ఎనిమిది.

సుందరరావు చెయ్యి చాపాడు. మణెమ్మ కాగితం ఇవ్వలేదు.

"నేను చెబుతా."

"మతి పోయిందా ఏంది? పిల్లలేమనుకుంటారు?"

"ఆ పిల్ల అడిగింది న్యాయమైన ప్రశ్న," అంటూ చేతులు తుడుచుకుని వరండాలోకి నడిచింది.

బోర్డు మీద ఆయన రాసిన ఎనిమిది పక్కనే లెక్క మళ్ళీ మొదలుపెట్టింది. రెండో గీతకే సుద్దముక్క విరిగింది. విరిగిన ముక్కతోనే ఆరు పాయింట్ తొమ్మిది ఎనిమిది దాకా రాసింది.

"చానా చిన్నదని మనం వదిలేసే నీళ్ళ వాటానే ఇక్కడ పెద్దదాండీ?" అంది షహనాజ్.

"అవునమ్మా. ఆసిడ్ దండిగా ఉన్నప్పుడు వదిలేసినా నడుస్తది. ఇక్కడ వదిలేస్తే లెక్కే తప్పుద్ది."

మగపిల్లలు తలలు వంచుకుని ఎనిమిది కొట్టేశారు. లోపలినుంచి రాజమ్మ, "ఏమే, అన్నం మాడుతంది," అని కేకేసింది.

"కాస్త దించండి అత్తయ్యా," అంది మణెమ్మ, బోర్డు మీంచి కళ్ళు తిప్పకుండా.

 పిల్లలు వెళ్ళిపోయాక సుందరరావు నోట్సు పుస్తకం తెచ్చి ఆమె ఒళ్ళో పడేశాడు.

"సోమవారానికి బఫర్ లెక్కలు పది కావాలి. చేసి పెట్టు."

మణెమ్మ పుస్తకం మూసి, ఆయన చేతికే తిరిగి ఇచ్చింది.

"మీరు చేసి పెట్టండి. నేను దిద్దుతాను."