గడ్డం మీది చుక్కలు

హోటల్లో ఆమెను అందరూ చుక్కలమ్మ అనేవాళ్లు. కింది పెదవి నుంచి గడ్డం చివరిదాకా నిలువుగా ఒక గీత, దానికి అటూ ఇటూ వరసగా చుక్కలు. చిన్నతనంలో తల్లి సూదితో పొడిచిన పచ్చబొట్టు. వాళ్ల తెగలో ఆడపిల్లలందరికీ ఉండేదే. పొడిచినప్పుడు నల్లగా ఉన్న మసి వయసుతోపాటు పాచి రంగుకు తిరిగింది.

ఆమె పని హోటల్ నేలమాళిగలో. దుప్పట్లు ఉతికే పెద్ద యంత్రాల పక్కన, కిటికీ లేని గదిలో, కుట్టుమిషను ముందు కూర్చుని చిరిగిన తువ్వాళ్ల అంచులు, ఊడిన తెరల మడతలు, వెయిటర్ల కోటు గుండీలు కుట్టేది. చేరిన కొత్తలో పైన గదులు సర్దే పని ఖాళీ అయితే తనకివ్వమని అడిగింది. మేనేజరు ఆమె గడ్డంకేసి చూస్తూ, "పైన అతిథులు తిరుగుతుంటారమ్మా. నీకు కిందే హాయి" అన్నాడు. ఆ హాయిలోనే ఆమె జుట్టు నెరిసింది. భర్త పోయాడు. కూతురు పెద్దదైంది. బస్సులో ఎదుటి సీటువాళ్లు తన మొహం చూసి గుసగుసలాడుకోవడం ఆమెకు అలవాటైంది గాని, దాన్ని పట్టించుకోకుండా ఉండటం అలవాటు కాలేదు. చలి ఉన్నా లేకపోయినా మెడకు చుట్టుకున్న గుడ్డను ముక్కుదాకా లాక్కునేది.

కూతురు చదువయ్యాక ఒక చర్మవైద్యుడి దగ్గర చేరి, పచ్చబొట్లు చెరిపే లేజర్ మిషను నడపడం నేర్చుకుంది. ఆ గదికి వచ్చేవాళ్లంతా ఒకప్పుడు ముచ్చటపడి పొడిపించుకున్నవాళ్లే. విడిపోయిన అమ్మాయి పేరు చేతిమీంచి తీయించుకునేవాడు ఒకడు. మెడ మీది తేలు పోలీసు ఉద్యోగానికి అడ్డొచ్చిందని వచ్చేవాడు ఇంకొకడు. కాన్పు తర్వాత పొట్ట మీది సీతాకోకచిలుక సాగి గబ్బిలమైపోయిందని ఏడ్చిన అమ్మాయి కూడా ఉంది. ఇంటికొచ్చి ఈ కబుర్లన్నీ చెబుతుంటే తల్లి నవ్వేది, మళ్లీ మళ్లీ చెప్పించుకునేది.

ఒక ఆదివారం అన్నం తింటుండగా తల్లి అడిగింది. "నా మొహం మీదది కూడా పోతుందా?"

కూతురు ముద్ద చేతిలోనే పట్టుకుని చూసింది. "పోతుంది. చేత్తో పొడిచిన మసి తొందరగానే పోతుంది. కానీ నువ్వెప్పుడూ అడగలేదే."

"ఎవర్ని అడగను? నువ్వు ఆ మిషను దగ్గర చేరిన రోజునుంచీ అడుగుదామనే ఉంది."

"పెద్దమ్మ ఊరుకుంటుందా?"

"అది మీ పెద్దమ్మ గడ్డం కాదుగా." తల్లి కూతురి చెవికేసి చూసింది. ఆ చెవి అంచు పొడవునా వరసగా రింగులున్నాయి. "నీ చెవి జల్లెడలా చేసుకున్నావు. నేనేమన్నా అన్నానా?"

"అవి నాకు నచ్చి కుట్టించుకున్నవమ్మా."

"అదే చెబుతున్నా" అంది తల్లి.

తల్లికి అక్క అయిన ఆ పెద్దమ్మకు కూడా గడ్డం మీద అవే చుక్కలు, అదే గీత, వాళ్లమ్మ చేతి పనే. అక్క పెళ్లి చేసుకోలేదు. ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేరి అక్కడే ఒక గదిలో ఉండిపోయింది. చెల్లెలు మొహం దాచుకు తిరిగితే, అక్క గడ్డం ఎత్తుకు తిరిగేది. హాస్టల్ పిల్లలు ఆమె చుట్టూ మూగి తమ గడ్డాల మీద పెన్నుతో అలాగే గీయమనేవాళ్లు. ఆమె విసుక్కుంటూనే గీసేది.

మొదటిసారి లేజర్ పెట్టించుకున్నాక, గడ్డానికి అంటించిన గుడ్డతోనే చెల్లెలు హాస్టల్లో అక్క గదికి వెళ్లింది. దాచి చేయించుకున్నానని తర్వాత అనిపించుకోవడం ఇష్టంలేక వెళ్లింది. అక్క ఉల్లిపాయలు తరుగుతూ అంతా విన్నది. కత్తి పక్కన పెట్టింది.

"పోయేటప్పుడు మనతో ఏదీ రాదే. చీర రాదు, పుస్తె రాదు. ఒంటిమీది చుక్కలే వస్తాయి. రేపు పైన అమ్మ నిన్నెలా ఆనవాలు పడుతుంది?"

"కన్నతల్లికి నా మొహం గుర్తుండదా? చుక్కలుంటేనే గుర్తుంటుందా?"

"అమ్మ చేతిని చెరిపేసుకుంటున్నావు."

"ఆ చేతి వల్లే నేను జీవితమంతా నేలమాళిగలో కూర్చున్నాను. నువ్వు వంటింట్లో కూర్చున్నావు. నీకది గొప్పగా ఉంది, నాకు లేదు."

అక్క లేచి తలుపు తెరిచి పట్టుకుంది. "మొహం బాగైపోయాక చూపించడానికి రాకు" అంది. చెల్లెలు రానని చెప్పి వచ్చేసింది.

లేజర్ తగిలిన ప్రతిసారీ సాగదీసిన రబ్బరుబ్యాండు చర్మం మీద వదిలినట్టు ఉండేది. కళ్లకు అద్దాలు పెట్టుకుని పడుకున్న తల్లి కిక్కురుమనేది కాదు. గదిలో కాలిన వెంట్రుకల వాసన వచ్చేది. కొన్ని వారాలకోసారి కూతురు అలా చేయగా చేయగా ముందు చుక్కలు పలచబడ్డాయి, తర్వాత గీత తెగి ముక్కలైంది, చివరికి దగ్గరకొచ్చి చూస్తే తప్ప కనబడని తెల్లటి మచ్చలు మిగిలాయి. తల్లి మెడగుడ్డ తీసేసి బస్సెక్కింది. ఎవరూ చూడలేదు. ఇంటికొచ్చి ఆ మాటే చెప్పింది. "ఒక్కరూ చూడలేదే. నేను లేనట్టే ఉంది." ఆ మాట సంతోషంగానే అంది. హోటల్లో మాత్రం చుక్కలమ్మ పేరు పోలేదు. కొత్తగా చేరినవాళ్లు ఆ పేరెందుకొచ్చిందో తెలియక ఆమె చీర మీద చుక్కలకోసం వెతికేవాళ్లు.

అక్కాచెల్లెళ్ల మధ్య మాటలు లేకుండానే శీతాకాలం గడిచింది, ఎండలూ గడిచాయి. ఎవరో ఒకరు ముందు ఫోన్ చేయాలి. ఇద్దరూ ఆ ఒకరు ఎదుటివాళ్లే కావాలనుకున్నారు. చివరికి హాస్టల్ వార్డెన్ చేసింది. మీ అక్క పొయ్యి వెలిగించి మరిచిపోతోంది, కూరలో ఉప్పు వేశాక మళ్లీ మళ్లీ వేస్తోంది, ఒకరోజు కూరగాయలకని వెళ్లి దారి తప్పితే ఎవరో తీసుకొచ్చి దింపారు, ఇక మావల్ల కాక మతిమరుపు వాళ్లుండే ఆశ్రమంలో చేర్చాం అని చెప్పింది. "మీకు చెబుతామంటే ఆవిడ వద్దంది. చెల్లెలికి నామీద కోపం అంది" అని కూడా చెప్పింది.

తల్లీకూతుళ్లు ఆ సాయంత్రమే వెళ్లారు. పొడవాటి గది, ఇటొక వరస అటొక వరస మంచాలు, ఫినాయిల్ వాసన. చివరి మంచం మీద అక్క కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది. సగానికి సగం చిక్కిపోయింది. ఎముకలు తేలిన మొహంలో గడ్డం మీది పచ్చబొట్టు మునుపటికన్నా స్పష్టంగా కనబడుతోంది.

"అక్కా, నేనే."

అక్క తేరిపార చూసింది. "ఎవరమ్మా నువ్వు? పనిలోకి కొత్తగా వచ్చావా?"

"నీ చెల్లెల్ని."

"మా చెల్లెలికి ఇక్కడుంటాయి." అక్క తన గడ్డం తడుముకుంది. "నీకేవి?" తర్వాత పక్కనే ఉన్న ఆయాకేసి తిరిగి గొంతు తగ్గించింది. "ఈవిడెవరో మా చెల్లెల్నంటోంది. మెల్లగా పంపించెయ్. అసలే అది అలిగి ఉంది. అది వచ్చేసరికి ఈవిడిక్కడ కనబడితే బాగోదు."

కూతురి మొహం మాత్రం ఆమెకు కొంచెం గుర్తుంది. చేయి పట్టుకుని, "మీ అమ్మ రాలేదా?" అని అడిగింది. తల్లి ఆ మంచం పక్కనే నిలబడి ఉంది.

తర్వాత వెళ్లినప్పుడల్లా అదే తంతు. పాత సంగతులు చెప్పి చూసింది, చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచి చూసింది. "అది నీకెవరు చెప్పారు?" అని అక్క అనుమానంగా అడిగేది. ఒకరోజు తల్లి బస్సు దిగాక ఆశ్రమం గేటు బయట ఆగి, కూతురి సంచిలోంచి కనుబొమ్మల పెన్సిల్ తీసి, చేతి అద్దంలో చూసుకుంటూ గడ్డం మీద గీత గీసుకుంది. చుక్కలు పెట్టుకుంది. ఒకటి పక్కకు పోతే తుడిచి మళ్లీ పెట్టుకుంది.

అక్క చూసిన వెంటనే లేచి నిలబడింది. "వచ్చావా" అంది. అంతే. రెండు చేతులతో చెల్లెలి మొహం పట్టుకుంది. బొటనవేలు గడ్డం మీద రుద్దుకుపోయి చుక్కలు అలుక్కుపోయాయి. అక్క తన వేలికంటిన నలుపు చూసుకుంది. ఆ మొహంలో మొదట భయం, వెనకే కోపం కనబడ్డాయి. "వేషం వేసుకొచ్చింది. మా చెల్లెల్ని ఏం చేశారు? మా చెల్లెల్ని ఎక్కడ పెట్టారు?" అంటూ మంచం వెనక్కి నక్కింది. ఆయా పరుగున వచ్చి, ఇవాళ్టికి వెళ్లిపొమ్మని వీళ్లకు సైగ చేసింది.

బస్సులో తల్లి మొహం తుడుచుకోలేదు. ఇంటికి వచ్చాక, "మళ్లీ పొడిపించు" అంది.

"అమ్మా, అంత కష్టపడి తీశాం. ఒకసారి కాలిన చర్మం అది. పైగా పెద్దమ్మ అప్పుడైనా గుర్తుపడుతుందని ఏముంది?"

"గుర్తుపట్టకపోతే పట్టకపోనీ. వేషం వేసుకొచ్చానని మాత్రం అనిపించుకోలేను."

నమూనాకు ఫొటో కావాలి. తల్లివి ఫొటోలు లేవు. కెమెరా అంటేనే మొహం తిప్పుకున్న మనిషి. పెద్దమ్మ నిద్రలో ఉన్నప్పుడు కూతురు వెళ్లి, ఆమె గడ్డాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకొచ్చింది.

పచ్చబొట్లు పొడిచే అమ్మాయి దుకాణం సెలూన్ పైన మేడమీద ఉంది. ఆ అమ్మాయికి పెదవికో రింగు, కనుబొమ్మకో పూస, మోచేతుల దాకా తీగలూ పువ్వులూ. గోడల నిండా నమూనాల బొమ్మలు. ఫొటో చూడగానే ఆమె ముఖం వెలిగింది. "ఇది మా దగ్గర చాలామంది వేయించుకుంటున్నారు ఆంటీ. మణికట్టు మీద, మెడ వెనక. మొహం మీద మాత్రం ఎవరూ అడగలేదు. దీనర్థం ధైర్యం అట."

"ఎవరు చెప్పారు?"

"ఇంటర్నెట్‌లో ఉంది."

"ధైర్యమా" అంది తల్లి. "నేనారోజు లంగా తడిపేసుకున్నాను."

ఆ అమ్మాయికి నవ్వాలో వద్దో తెలియలేదు. మిషనుతో వద్దు, సూదితో చేత్తోనే పొడవమంది తల్లి. అలా పొడిచేవాళ్లు ఇప్పుడు మళ్లీ ఎక్కువయ్యారని, తనకూ వచ్చనీ చెప్పింది ఆ అమ్మాయి. కుర్చీ వెనక్కి వాల్చి, గడ్డం మీద నమూనా అచ్చు వేసి మొదలుపెట్టింది. లేజర్ కింద ఎన్నడూ మూలగని తల్లి ఈసారి మొదటి పోటుకే కూతురి చెయ్యి వెతుక్కుంది. పని పూర్తయ్యేదాకా వదల్లేదు. సూది చప్పుడు చాలా చిన్నది, టిక్కు టిక్కుమని. కూతురు అటు చూడలేక గోడమీది పులులనూ గులాబీలనూ చూస్తూ కూర్చుంది. తన చేత్తో ఒక్కొక్క చుక్కా చెరిపిన చోటే మళ్లీ రక్తం ఊరుతోంది.

వాపు తగ్గేదాకా ఆగుదామంటే తల్లి వినలేదు. దుకాణం నుంచి నేరుగా ఆశ్రమానికి వెళ్లారు. గడ్డం ఎర్రగా కంది, మందు పూతకి మెరుస్తోంది.

అక్క చాలాసేపు చూసింది. ఈసారి ముట్టుకోలేదు. పక్కకు జరిగి మంచం మీద చోటిచ్చింది.

"మండుతోందా?" అని అడిగింది.

"ఊఁ."

అక్క ముందుకు వంగి ఆ గడ్డం మీద ఉఫ్ ఉఫ్‌మని ఊదింది. ఊది ఊది ఆయాసం వచ్చినా ఆపలేదు. తర్వాత గుసగుసగా, "గట్టిగా పట్టుకున్నానని కోపమా? అమ్మే పట్టుకోమంది. వదిలితే గీత వంకర పోతుందంది. నువ్వు గింజుకుంటుంటే నీ చేతుల మీద కూర్చున్నాను" అంది.

పచ్చబొట్టు పొడిచిన రోజు చెల్లెలి కళ్లమీద గుడ్డ కప్పారు. చేతుల మీద కూర్చున్నది పక్కింటి లావుపాటి ఆవిడ అని ఇన్నేళ్లూ అనుకుంది. ఆ ఆవిడ బతికున్నన్నాళ్లూ ఆమెతో మాట్లాడలేదు.

"నువ్వా?" అంది చెల్లెలు.

"నేనే. నువ్వు ఏడవకు, నాకూ ఏడుపొస్తుంది."

"ఏడవట్లేదక్కా. కోపం లేదు."

అక్క తల ఊపింది. కిటికీకేసి చూస్తూ చెల్లెలి చేతి మీద చెయ్యి వేసింది. తర్వాత ఇటు తిరిగి మర్యాదగా అడిగింది. "మీకు ఎవరు కావాలమ్మా? మా చెల్లెలు వస్తానంది. మీరు కాస్త లేస్తే అది కూర్చుంటుంది."

తల్లి లేచి నిలబడింది.

ఆ తర్వాత చాలాసార్లు వెళ్లారు. గడ్డం మానింది, గీత నల్లగా దిగింది. అక్క మళ్లీ గుర్తుపట్టలేదు. కొన్నాళ్లకు మనుషులను చూడటమే మానేసింది, తినడం మానేసింది. వానాకాలం మొదట్లో ఒక తెల్లవారుజామున పోయింది. ఆయా వద్దంటున్నా తల్లే గోరువెచ్చటి నీళ్లతో అక్క మొహం కడిగింది, తల దువ్వింది. ఏడవలేదు. అక్క సామాను ఒక చేతిసంచిలో పట్టింది: రెండు చీరలు, కళ్లజోడు, గోరింట రంగు శాలువా.

అన్నీ అయ్యాక తిరిగి వస్తుంటే బస్సులో ఎదుటి సీట్లో ఇద్దరమ్మాయిలు తల్లి గడ్డంకేసి చూశారు. ఒకమ్మాయి రెండో అమ్మాయి చెవిలో ఏదో అంది. తల్లి చూసినా మొహం తిప్పుకోలేదు, మెడగుడ్డ లాక్కోలేదు. అది ధైర్యమో, ఓపిక లేకపోవడమో కూతురికి అర్థం కాలేదు.

"అమ్మా, వద్దనిపిస్తే చెప్పు. మళ్లీ తీసేద్దాం" అంది మెల్లగా.

"మొదట తీయించుకోవడం తప్పో, మళ్లీ పొడిపించుకోవడం తప్పో నాకు తెలియడం లేదు" అంది తల్లి. "ఇప్పుడిది చూసి నన్ను పిలిచేవాళ్లు ఎవరున్నారు చెప్పు."

ఇంటికి రాగానే ఆమె గోడకేసి తిరిగి పడుకుంది. కూతురు అన్నం వండి, కంచంలో పెట్టి పిలిచింది. లేవలేదు. మళ్లీ పిలిచింది. ఆ పిలుపు వినబడినట్టు భుజం కొద్దిగా కదిలిందేగాని ఆమె ఇటు తిరగలేదు. కూతురు కంచం మీద మూత పెట్టి, బయట వాన గట్టిపడుతుంటే కిటికీలు ఒక్కొక్కటే మూసింది.