ఎంట్రీ సీన్‌కి కాగితాలు

కాగితం చింపడానికి కూడా ఒక పద్ధతి ఉంది. పేపరును నిలువుగా చింపితే తిన్నగా వస్తుంది, అడ్డంగా చింపితే వంకరపోతుంది. కత్తెర పనికిరాదు. "కత్తెరతోని కోస్తే ముక్కలు గాల్ల తిరగయి శైలూ, అట్లనే కింద పడ్తయి" అని పెళ్లైన కొత్తలోనే మా ఆయన భానుప్రకాశ్ నేర్పించాడు. అభిమాన హీరో తెర మీదికి రాగానే థియేటరంతా ఎగరేయడానికి ఈ ముక్కలు. ఎగరేసేది మగవాళ్లు, చింపేది ఇంట్లో ఉన్న మేము. వారమంతా మందుల కంపెనీలో అట్టపెట్టెలు మడుస్తాను, ఆదివారం ఇంట్లో కాగితాలు చింపుతాను. ఆ ముక్కలు గాలిలో ఎలా తిరుగుతాయో మాత్రం ఇంతవరకు చూడలేదు.

ఈ ఆదివారం అలియాబాద్‌లోని మా ఇంటి ముందుగదిలో అభిమాన సంఘం కూర్చుంది. ఈ దశాబ్దంలో ఇప్పటిదాకా వచ్చిన సినిమాల్లో ఏది ముందు, ఏది వెనక అని వరస కట్టాలట. మొదటి స్థానం వచ్చినదాన్ని హీరో పుట్టినరోజుకి మేడ్చల్‌లో మళ్లీ ఆడిస్తారు. వరస ఇంకా తేలనేలేదు, కాగితాలు మాత్రం మా ఆయన నిన్నటి నుంచే మొదలుపెట్టమన్నాడు. ఏ సినిమా గెలిచినా చింపేది నేనే కదా.

ఆయనతో నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. మళ్లీ నెల తప్పాను. పొద్దున పరీక్ష చేసుకుని చూసుకున్నాను. వీళ్లంతా లేచి పోయాక చెబుదామని వంటింట్లో కూర్చుని, చింపుతూ, మాటలు కూర్చుకుంటున్నాను. భయంగా ఉంది. ఈసారి నన్ను వదిలి ఎటూ పోవద్దని అడగాలి. అడిగితే పోడన్న నమ్మకం కూడా ఉంది.

పోయినసారి ఏడో నెల. కొత్త సినిమా మొదటి ఆటకి ఆయన తన ఆటో వేసుకుని మేడ్చల్ పోయాడు. ఇక్కడ నాకు నొప్పులు మొదలై రక్తం పోతోంది. మా అత్తమ్మ జంగమ్మ నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని, నా ఫోన్‌తో ఆయనకు చేస్తూనే ఉంది. చివరికి ఎవరిదో పాల బండి ఆపి ఎక్కించింది. ఇంకాస్త ముందు తీసుకొస్తే బిడ్డ దక్కేదని డాక్టరమ్మ అంది. ఆడపిల్ల. ఆట అయ్యాక ఆయన వచ్చాడు. తలలో ఇంకా కాగితం ముక్కలున్నాయి, నేను చింపినవే. "లోపట సిగ్నల్ లేకుండె శైలూ. ఉంటే రాకపోదునా" అని నా కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు.

ఆ సిగ్నల్ మాట పట్టుకునే నేను బతికాను. "బిడ్డనే లేకపాయె, ఇగ ప్రసూతి సెలవెందుకమ్మా" అని కంపెనీలో సూపర్‌వైజర్ అన్నప్పుడూ, "బరువులెత్తి ఉంటది" అని చుట్టాలు చెవులు కొరుక్కున్నప్పుడూ ఆయన మీద నాకు కోపం రాలేదు. కోపమంతా సెల్ టవర్ మీదే. మేడ్చల్ వైపు పోయినప్పుడల్లా ఆ ఇనుప స్తంభాన్ని చూసి లోపల్లోపల తిట్టుకునేదాన్ని. మొగుణ్ని తిట్టుకుంటూ కాపురం చేయడం కంటే అది సులువు.

ముందుగదిలో గొంతులు లేచాయి. సంఘంలోని లింగం ఒక సినిమా అంటే శివ ఇంకోటి అంటున్నాడు. దేంట్లో మొదటి సగం బాగుందో, దేంట్లో పాటలు తేలిపోయాయో మా ఆయనకు నోటికి వచ్చు. బిడ్డ గురించి నాతో ఇంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు. "శైలూ, ఛాయ్" అని కేకేశాడు. లేచి గిన్నె పొయ్యి మీద పెట్టాను.

"నంబర్ వన్ వంతెన ఫైట్ సినిమానే రా. ఎందుకో చెప్త ఇను" అంటున్నాడాయన. "ఎంట్రీ సీన్ నడుస్తాంది. జేబుల ఫోన్ మోగుతనే ఉంది. తీసి పేరు చూసిన, శైలు. సైలెంట్‌ల బెట్టి జేబులేసిన. మళ్లొచ్చింది, మళ్ల చూసిన. అయిపోయేదాక కుర్సీల కెళ్లి లేవలే. గట్ల కూసోబెట్టాలె సినిమా అంటే."

నవ్వారు. శివ గొంతు తగ్గించి, "అన్నా, గదే, వదినను దవాఖానకు తీస్కపోయిన రోజు గాదా?" అన్నాడు.

"ఔ. నాకేమెరుక రా, ఉత్తగనే చేస్తాందనుకున్న." తనే మళ్లీ అన్నాడు. "అయినా పిల్లలు మళ్లైతరు. ఫస్ట్ షో మళ్లొస్తదా?"

మళ్లీ నవ్వారు. ఈసారి శివ కూడా నవ్వాడు. వంతెన సినిమాకే మొదటి స్థానం ఖాయమై చప్పట్లు పడ్డాయి.

నాకు ఏడుపు రాలేదు. అసహ్యం వేసింది, ముందు నా మీదే. నమ్మి నానబోస్తే పుచ్చిబుర్రలయ్యాయన్నట్టుంది నా సంగతి. ఏ పాపం ఎరగని టవర్‌ని ఇన్నాళ్లు తిట్టాను.

అత్తమ్మ పక్కనే బియ్యం ఏరుతోంది. ఆమెకూ వినబడింది.

"విన్నవా అత్తమ్మా?"

ఆమె చేటలోంచి తల ఎత్తలేదు. "నాకు అప్పుడే ఎరుక బిడ్డా. చేసింది నేనే గదా. రింగు పోతనే ఉండె. సిగ్నల్ లేకుంటే రింగెట్ల పోతది? నీతోని చెప్తే సంసారం నిలుస్తదా అని ఊకున్న."

పొయ్యి ఆర్పేశాను. సంచిలో రెండు చీరలు, కంపెనీ గుర్తింపు కార్డు పెట్టుకున్నాను.

"నాకు మళ్ల నెల తప్పింది అత్తమ్మా. ఆ రోజు నన్ను ఒళ్లె పెట్టుకున్నవు, అందుకే నీకు చెప్తున్న. ఈ బిడ్డను నేను ఈడ కనను. దేవరయాంజాల్ పోతున్న, మా అమ్మ దగ్గరికి."

ఆమె పోవద్దనలేదు. నేను పెరటి తలుపు తీసుకుని బయటికి వచ్చాను. లోపల రెండో పేరు మీద వాదన మొదలైంది.

రోడ్డు మీద, దేవరయాంజాల్ దారిలో తూంకుంట వైపు పోయే బస్సు కోసం నిలబడ్డాను. వేళ్లకు పేపరు సిరా నల్లగా అంటుకుని ఉంది. అంతలో ఫోన్ మోగింది. ఛాయ్ ఏమైందని అడగడానికో, కాగితాల సంచి నిండిందా అని అడగడానికో తెలియదు. తీసి పేరు చూశాను. సైలెంట్‌లో పెట్టి సంచిలో వేసుకున్నాను. మళ్లీ వచ్చింది, మళ్లీ చూశాను.

సిగ్నల్ నిండుగా ఉంది.