ఐదో సూపు గిన్నె

ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నర అయిందంటే చాలు, ఆ సందులో నడిచేవాళ్ళ ముక్కులు వాటంతట అవే సూపక్క హోటలు వైపు తిరిగేవి. ఆరు బల్లలు, జిడ్డు పట్టిన ఒక ఫ్యాను, వంకరగా వేలాడే మెనూ బోర్డు, అంతే హోటలు. సోకులేమీ లేవు. కానీ తండ్రి దగ్గర నేర్చుకున్న చైనా వంట ఆమెది. పెద్ద మంట మీద ఎగరేసి చేసే నూడుల్స్, వెల్లుల్లి దట్టించిన ఫ్రైడ్ రైస్, నోరు కాలినా వదలబుద్ధి కాని పుల్లటి కారం సూపు. బయట ఒక్కరు తినే ఖర్చుతో ఇక్కడ ఇంటిల్లిపాదీ తిని లేవచ్చు.

ఆమె ఆర్డరు రాసుకోదు. వంటింటి కిటికీలోంచి బల్ల వైపు ఒక్క చూపు చూస్తుంది. ఎన్ని తలలుంటే అన్ని గిన్నెలు తెస్తుంది. ముందు సూపు, తర్వాత నూడుల్స్. పదిహేనేళ్ళలో ఆమె లెక్క తప్పిందన్నవాడు లేడు.

టైలరమ్మ భర్త లిఫ్టులు బాగుచేసేవాడు. పని చేస్తూ చేస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడు, ఆసుపత్రికి చేరకుండానే పోయాడు. నెల తిరక్కుండానే అతని ప్రాణస్నేహితుడు కరెంటాయన వచ్చి, "ఇట్లా గోడలు చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కుతుంది చెల్లెమ్మా, పదండి, సూపక్క దగ్గరికి పోదాం" అని అందర్నీ లేవదీశాడు. టైలరమ్మ, అత్తగారు, ఏడేళ్ళ కూతురు చిట్టి, కరెంటాయన. మొత్తం నలుగురు. సూపక్క ఐదు గిన్నెలు తెచ్చింది.

"నలుగురమే అక్కా" అంది టైలరమ్మ.

"ఐదుగురున్నారుగా" అని సూపక్క ఖాళీ కుర్చీ ముందు గిన్నె పెట్టేసి వెళ్ళిపోయింది.

వాడుండగా ఐదుగురం వచ్చేవాళ్ళంగా, పాత అలవాటులే అని కరెంటాయన సర్దిచెప్పాడు. తీరా లేచేసరికి ఆ గిన్నె ఖాళీ. అడుగున ఉల్లికాడ ముక్కలు మాత్రం ఒక పక్కకి తోసి ఉన్నాయి. టైలరమ్మ భర్త ఉల్లికాడలు తినేవాడు కాదు.

ఉన్నమాట చెప్పుకోవాలి. ఆ రోజు టైలరమ్మకి భయం కన్నా సంతోషమే ఎక్కువైంది. అప్పట్నించీ వారమంతా మిషను తొక్కుతూ ఆదివారం కోసం కాచుక్కూర్చునేది. అత్తగారి ముఖంలోకి రక్తం వచ్చింది. కరెంటాయన సరే సరి, ఖాళీ కుర్చీని పట్టుకుని ఆటపట్టించేవాడు. "బతికున్నప్పుడూ అంతే వీడు, బిల్లొచ్చేసరికి కనపడేవాడు కాదు" అనేవాడు. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. లోకం ఏమనుకుంటే అనుకోనీ, ఆ గంటసేపూ వాళ్ళు హాయిగా ఉండేవాళ్ళు.

ఆరేడు నెలలు అలాగే గడిచాయి. గుబులు పుట్టింది చిట్టిని చూశాక. పిల్ల వారం వారం తన కుర్చీని ఖాళీ కుర్చీ వైపు కాస్త కాస్త జరుపుకునేది. ఇంట్లో ముద్ద ముట్టడం మానేసింది. "నాన్న దగ్గర తింటాలే" అనేది. చిక్కి సగమైపోయింది. ఎండలో నడిపించి తెచ్చినా వేళ్ళు చల్లగా ఉండేవి. డాక్టరు రక్తం తీసి చూశాడు, ఎక్స్‌రే తీసి చూశాడు, ఏమీ లేదన్నాడు. పోనీ అని టైలరమ్మ రెండు ఆదివారాలు హోటలు మానిపించింది. రెండుసార్లూ పిల్ల పళ్ళు బిగించుకుని పడిపోయింది. ఎత్తుకుని సూపక్క బల్ల దగ్గర కూర్చోబెడితేగాని కళ్ళు తెరవలేదు.

"నాన్న ఏమంటాడే నీతో?" అని అడిగింది తల్లి.

"ఒక్కడే ఉంటే తోచట్లేదంట. నన్ను రమ్మంటున్నాడు" అంది చిట్టి, బళ్ళో కబుర్లు చెప్పినంత మామూలుగా.

టైలరమ్మ పిల్లని ఒళ్ళోకి లాక్కుంది.

తర్వాతి ఆదివారం చిట్టిని తన పక్కనే కూర్చోబెట్టుకుని, చెయ్యి గట్టిగా పట్టుకుంది. సూపక్క ఐదు గిన్నెలు తెచ్చింది. పెద్దవాళ్ళకి మూడు పెట్టింది. నాలుగోది బల్లకి అవతల ఖాళీ కుర్చీ ముందు. ఐదోది దాని పక్కనున్న ఇంకో ఖాళీ కుర్చీ ముందు.

"పిల్ల ఇక్కడుందక్కా" అంది టైలరమ్మ.

సూపక్క ఆమె పక్కకి చూసింది. ఎవరూ లేని చోటు చూసినట్టు చూసి, కళ్ళు బల్ల అవతలికి తిప్పింది. "అదిగో, వాళ్ళ నాన్న పక్కన కూర్చుందిగా" అని లోపలికి వెళ్ళింది.

చేతిలో చిట్టి వేళ్ళు ఐసుముక్కల్లా ఉన్నాయి. పిల్ల తల వాల్చేసింది.

"ఏవండీ" అంది టైలరమ్మ ఖాళీ కుర్చీతో. "మీరంటే నాకు ప్రాణం. మీరు రాకపోతే నాకెలా ఉంటుందో మీకూ తెలుసు. అయినా చెబుతున్నా, పిల్లని వదిలెయ్యండి. కావాలంటే నన్ను..."

"నువ్వుండవే" అంది అత్తగారు. "నువ్వు పోతే దీనికెవరు?"

ఆవిడ లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ బల్ల చుట్టూ తిరిగి, ఐదో గిన్నె దగ్గర నిలబడింది.

"వాడికి చిన్నప్పట్నించీ ఒక్కడే ఎక్కడికీ పోవడం చేతకాదు. బళ్ళో దింపితే సాయంత్రం దాకా నేను కిటికీలోంచి కనపడుతూ ఉండాలి. మరిచిపోయాను చూడు. చిట్టీ, అది నా చోటు. లేమ్మా."

ఖాళీ కుర్చీకే చెప్పింది ఆ మాట. కొంచెం ఆగి, అందులో కూర్చుంది.

"పిన్నిగారూ, ఇటు రండి" అన్నాడు కరెంటాయన. ఆవిడ పట్టించుకోలేదు. గిన్నె దగ్గరికి లాక్కుని, ఊదుకుంటూ చెంచాడు చెంచాడు సూపంతా తాగింది. మధ్యమధ్య పక్కకి తిరిగి ఏదో గొణిగింది. చివరికి "సరే, పద" అంది.

టైలరమ్మ చేతిలో పిల్ల వేళ్ళు మెల్లగా వెచ్చబడ్డాయి. చిట్టి తలెత్తింది. "అమ్మా, ఆకలేస్తోంది" అంది.

సూపక్క నూడుల్స్ తెచ్చింది. మూడు ప్లేట్లు. టైలరమ్మ ముందొకటి, చిట్టి ముందొకటి, కరెంటాయన ముందొకటి.

"అత్తయ్యకో?" అంది టైలరమ్మ.

"ఆవిడా? కొడుకు చెయ్యి పట్టుకుని ఇప్పుడేగా వెళ్ళారు. నా పక్కనుంచే వెళ్ళారు" అని సూపక్క చేతులు తుడుచుకుంది.

అత్తగారు బల్లకి అవతల కూర్చునే ఉంది. చెంచా చేతిలోనే ఉంది. ముఖం పక్క కుర్చీ వైపు తిరిగి ఉంది. కరెంటాయన వంగి ఆవిడ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు, తల అడ్డంగా ఊపి తిరిగి కూర్చున్నాడు.

టైలరమ్మ గుండెల్లోంచి ఏడుపు తన్నుకొచ్చింది. చిట్టి మాత్రం రెండు చేతులతో నూడుల్స్ లాక్కుంటూ, మూతంతా పూసుకుంటూ ఆబగా తింటోంది. ఎన్నాళ్ళకో తింటోంది. అది ప్లేటు ఖాళీ చేసేదాకా టైలరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అత్తగారిని చూస్తూ కూర్చుంది.