జావలో వెంట్రుక

అతని సెలూన్‌కి క్రాపు పెరిగి వచ్చేవాళ్ళు సగం మందయితే, కబుర్ల కోసం వచ్చేవాళ్ళు మిగతా సగం. కత్తెర ఒకసారి ఆడితే నాలుక పదిసార్లు ఆడేది. అందుకే వీధంతా అతన్ని రేడియో అనేవాళ్ళు. అలాంటి మనిషికి నాలుక మీదే క్యాన్సర్ రావాలా! ఆ పాడు జబ్బుకి ఒంట్లో వేరే చోటే దొరకలేదు కాబోలు.

సర్జన్ సగం నాలుక తీసేసి, ఎడమ ముంజేతి చర్మాన్ని రక్తనాళంతో సహా కోసి, నాలుకలా మలిచి అక్కడ కుట్టాడు. కుడి చెయ్యి ముట్టుకోలేదు, కత్తెర పట్టే చెయ్యి కదా. గాయాలు మానాయి, జబ్బు పోయిందన్నారు. మాటే రాలేదు. రాలేదనడం అబద్ధం, అతనే రానివ్వలేదు. ఆస్పత్రిలో ఒకసారి నీళ్ళు అడగబోతే నోట్లో ముద్ద కుక్కుకున్నవాడి గొంతులా వినిపించింది. అది విని అతనికే ఏడుపొచ్చింది. ఆ రోజు నుంచి పలకా బలపం పట్టాడు, సెలూన్ తమ్ముడికి అప్పగించాడు.

"ఇప్పుడు మాట్లాడకపోతే కొత్త నాలుక బిగుసుకుపోతుంది. తర్వాత మీరు కావాలన్నా కదలదు" అని మాటలు నేర్పే డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. అతను పలక మీద "సరే" అని రాసి ఇంటికొచ్చేశాడు.

రెండు నెలలు దాటాక ఒక పొద్దున జావలో వెంట్రుక తగిలింది. అంగిలికి గరగరలాడింది. గిన్నె తోసేసి "వెంట్రుక" అని పెద్దపెద్ద అక్షరాలతో రాశాడు. భార్య జావ వడకట్టి ఇచ్చింది. మర్నాడు మళ్ళీ తగిలింది. ఆమె తలకు గుడ్డ కట్టుకుని వండింది. మూడోనాడూ అంతే. ముప్పై ఏళ్ళుగా వెంట్రుకల మధ్య బతికినవాడికి వెంట్రుకంటే ఏమిటో తెలీదా? పలక నిండా రాశాడు: "కళ్ళు తెరుచుకుని వండు."

"తెరుచుకునే వండుతున్నానండీ" అంది ఆమె. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి చంచాతో పోసి తాగించిన మనిషి, ఏనాడూ కంటతడి పెట్టలేదు. ఆ పూట మాత్రం గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

జావ తాగకపోయినా అంగిలికి గరగర తగ్గలేదు. మధ్యాహ్నం తమ్ముడు భోజనానికి వెళ్ళిన వేళ చూసి అతను సెలూన్‌కి వెళ్ళాడు. తన కుర్చీలో కూర్చుని, లైటు కిందికి వంచి, గిరాకీలకు మెడ వెనక చూపించే చేతి అద్దం పట్టుకుని నోరు తెరిచాడు. కొత్త నాలుక మీద ఏడెనిమిది వెంట్రుకలు నల్లగా, పొట్టిగా నిలబడి ఉన్నాయి. అచ్చం ముంజేతి వెంట్రుకలే, ఆ వాలు చూస్తే అతనికి తెలీకపోదు. నోట్లో కాపురం పెట్టినా చేతి చర్మం పాత అలవాటు మానలేదన్నమాట.

నవ్వొచ్చింది. అంతలో భార్య తలకు కట్టుకున్న గుడ్డ గుర్తొచ్చింది. నవ్వు ఆగిపోయింది.

ఇంటికెళ్ళేసరికి ఆమె ఆ గుడ్డతోనే పొయ్యి దగ్గర నిలబడి ఉంది. అలవాటుగా పలక అందుకున్నాడు. మూడు రోజులు తిట్టింది ఈ పలక మీదే. తప్పయిందని కూడా దీని మీదే రాయడానికి మనసొప్పలేదు. పలక గట్టు మీద పెట్టి నోరు తెరిచాడు.

"నీయి కాయు. నాయే."

ఆమె గరిటె ఆపింది. "ఏంటండీ?"

సిగ్గేసింది. నోట్లోకి వేలు చూపించి మళ్ళీ అన్నాడు. "వెంయుక... నాయే. నీ తప్పు కాయు."

"వినపడలేదు. మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పాడు. చొంగ కారితే భుజానికి తుడుచుకుని ఇంకోసారి చెప్పాడు. ఐదోసారికి ఒళ్ళు మండింది.

"చెవుయా నీకు?" అని అరిచాడు.

ఆమె తలగుడ్డ విప్పి దాంతోనే కళ్ళు తుడుచుకుంది.

"మొదటిసారే వినపడింది" అంది. "ఇంకోసారి చెప్పండి."