గది దాటని పేరు

మదనపల్లె బస్టాండు దగ్గర ఒక మిద్దె మీద కంప్యూటర్ సెంటర్ ఉంది. అక్కడ మెర్లిన్ వెబ్ పేజీలకు స్క్రిప్టు రాయడం నేర్పేది. పొద్దున్నే పుంగనూరులో బస్సెక్కి వచ్చేది, సాయంత్రం అదే దారిన తిరిగిపోయేది.

ఆమె పేరు గది దాటేది కాదు. ఆమె ఉన్న గదిలోకి వచ్చినవాళ్లంతా పేరుపెట్టి పిలిచేవాళ్లు. గడప దాటగానే ఆ పేరు వాళ్ల నోట్లోంచి జారిపోయేది. మనిషి గుర్తుండేది, చెప్పిన పాఠం గుర్తుండేది, పేరొక్కటే ఉండేది కాదు. చిన్నప్పటి నుంచీ అంతే. ఇంటి ఓనరు కృష్ణమ్మ లోపలికొస్తే "మెర్లినూ, నీళ్లొచ్చినాయి" అనేది, వీధిలో ఎదురైతే "ఏమ్మా, పనికి పోతాండావా" అనేది. కొందరికి వంకాయ పడదు, కొందరికి ఎండ పడదు, ఈమెకు పేరు గది దాటదు. ఎవరూ దాని గురించి మాట్లాడుకునేవాళ్లు కాదు.

తల్లి బతికున్నన్నాళ్లూ ఆమె పక్కన కూర్చుని ఆ పేరే పిలిచేది. తల్లి పోయాక అద్దె ఇంట్లో ఆ పేరు పలికే నోరు లేకపోయింది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఒక్కోసారి తన పేరు తనే పైకి అనుకునేది. ఖాళీ గదిలో తన గొంతు తనకే వినిపించి, దిగులేసి రేడియో పెట్టుకునేది.

ఆ ఏడు ఇందు అనే ఆమె చేరింది. ఊరు శాంతిపురం, వయసు ముప్పై దాటింది. మొగుడు కుప్పం వైపు గ్రానైట్ పనిలో ఉన్నాడు. ఆమె మదనపల్లెలో అక్క ఇంట్లో ఉంటూ, ఏదైనా ఉద్యోగం దొరక్కపోతుందా అని చదువుతోంది. టమోటా మార్కెట్ కోసం ఒక పేజీ తయారుచేసింది. వచ్చిన బాక్సులు లెక్కేసే ఫంక్షన్ ఒకటి, అమ్ముడైనవి లెక్కేసే ఫంక్షన్ ఇంకొకటి. రెండింట్లోనూ 'మొత్తం' అనే పేరే వాడింది, పేరు ముందు పెట్టాల్సిన లెట్ అనే మాట ఎక్కడా రాయలేదు. ఒకదాని లెక్క ఇంకోదాంట్లో దూరి, వచ్చిన బాక్సుల కంటే అమ్ముడైనవే ఎక్కువని పేజీ చూపించింది.

మెర్లిన్ పక్కన కూర్చుంది.

"ఫంక్షన్ అంటే ఒక గది అనుకో ఇందూ. లెట్ అని రాస్తే పేరు ఆ గదిలోనే పుడతాది, పని కాగానే ఆడనే పోతాది. పక్క గదిలో అదే పేరు ఇంకోటి ఉన్నా, దానికీ దీనికీ సంబంధం ఉండదు. రాయలేదనుకో, బయట పడి ప్రోగ్రామంతా తిరుగుతాది. ఎవరు పడితే వాళ్లు మార్చేస్తారు."

"గదిలో పేరు బయటికి ఎప్పటికీ రాదా మేడమ్?"

"లెక్కను బయటికి పంపొచ్చు. పేరు రాదు. రాకపోవడమే మంచిది."

ఆ మాట అని మెర్లిన్ లేచి వెళ్లి బోర్డు తుడిచింది. ఇందు మాత్రం ఎన్నిసార్లు చెప్పినా లెట్ మర్చిపోతూనే ఉంది.

వానాకాలంలో మెర్లిన్‌కు జ్వరం పట్టుకుంది. కృష్ణమ్మ కుప్పంలో కూతురి దగ్గరుంది. ఫోను చార్జింగ్ అయిపోయి ఆగిపోయింది. ఎన్నిసార్లు చేసినా కలవకపోయేసరికి సెంటర్ నడిపే రాజగోపాల్, మేడమ్ రాలేదని, ఇట్లాగే ఉంటే వేరే మనిషిని చూస్తానని క్లాసుకు చెప్పి పంపేశాడు.

"మెర్లిన్ మేడమ్‌కు ఏమైందో," అంది ఇందు మెట్లు దిగుతూ.

ముందు నడుస్తున్నవాళ్లు వెనక్కి తిరిగి, ఆ పేరు ఎవరిదని అడిగారు. అప్పుడుగానీ ఇందుకు తెలియలేదు, ఆ పేరు తనతోపాటు బయటికి వచ్చేసిందని. ఎన్నాళ్ల నుంచి వస్తోందో ఏమో. పేజీలో లాగే ఇక్కడా, లోపలి పేరును లోపలే వదిలి రావడం ఆమెకు చేతకాలేదు, అంతే.

ఇంటికి పోకుండా పుంగనూరు బస్సెక్కింది. మేడమ్ ఇల్లు చర్చి వెనక సందులో అని మాత్రం తెలుసు. అంగడి మల్లప్పను అడిగితే, కంప్యూటర్ టీచరమ్మ రోజూ ఈ దారినే పోతుంది గానీ ఏ ఇల్లో తెలియదన్నాడు. ఇందు సందు మధ్యలో నిలబడి, గొంతెత్తి ఆ పేరు పిలిచింది.

చాప మీద పడి ఉన్న మెర్లిన్ కళ్లు తెరిచింది. పిలుపు గదిలోంచి కాదు, కిటికీ అవతల నుంచి వస్తోంది. కన్నతల్లి కూడా వీధిలోంచి అట్లా పిలిచింది లేదు. గోడ పట్టుకుని లేచి, గడియ తీసింది.

"ఈడ... ఈడ ఉండా," అంది.

ఇందు ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకుపోయింది. డెంగీ అన్నారు, ఇంకొక రోజు ఆగి ఉంటే మనిషి దక్కేది కాదన్నారు. తేరుకునేదాకా ఇందు పక్కనే ఉంది.

ఆ తర్వాత ఇందుకు బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. ఇంట్లో సాయంత్రాలు మునుపటిలాగే ఖాళీగా గడిచేవి. కానీ సందులో వినపడ్డ పేరు తిరిగి లోపలికి పోలేదు. బయట పడింది కాబట్టి తలా ఒక రకంగా మార్చుకున్నారు. కృష్ణమ్మకు వీధిలో మెల్లినమ్మ అయింది, సందులో పిల్లలకు మెరుపక్క అయింది.

ఒక పొద్దున బస్సుకు నడుస్తుంటే వెనక నుంచి మల్లప్ప, "మేలినమ్మా, గొడుగు మర్చిపోయినావు," అని కేకేశాడు. మెర్లిన్‌కు వినపడింది. వెంటనే తిరగలేదు. ఇంకోసారి పిలుస్తాడేమోనని నడక తగ్గించింది.