వత్తుల పత్తిచెట్టు

నంద్యాల చుట్టుపక్కల ఊళ్ల నుంచి తెచ్చిన పత్తి ఆకులన్నీ ఒకే చెట్టువని కంప్యూటర్ తేల్చి చెప్పేసరికి నాగవేణి చేతిలో టిఫిన్ డబ్బా తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

అలా జరగడానికి వీల్లేదు. అవి దీపం వత్తుల కోసం ఆడవాళ్లు పెరట్లో పెంచుకునే నాటు పత్తిచెట్లు. గడివేముల చెట్టుకూ చాగలమర్రి చెట్టుకూ చుట్టరికం ఉంటే ఉండొచ్చు గానీ, జన్యువుల అక్షరాలు పొల్లు పోకుండా ఒకటి కావు. ఆ అక్షరాలను పోల్చే ప్రోగ్రామ్ రాసిన బృందానికి ఆమే నాయకురాలు. తప్పు ప్రోగ్రామ్‌దేనన్నాడు పరిశోధన కేంద్రం డైరెక్టర్ ప్రభుదాసు. వారంలో సరిచేయకపోతే బృందాన్ని ఆమె కింద పనిచేసే నరేశ్‌కు అప్పగిస్తానన్నాడు.

ఇంట్లో ఒక పక్క పప్పు ఉడుకుతుంటే, మరో పక్క నాగవేణి ప్రోగ్రామ్‌ను వరస వరసా వెతికింది. తప్పు దొరకలేదు. ఆదివారం ఎప్పటిలాగే ఆళ్లగడ్డలోని అత్తగారింటికి పోయి అంట్లు తోమింది, బట్టలు ఉతికింది. ఆమె వడ్డిస్తుంటే భర్త మహేంద్ర నవ్వాడు. అక్కడ అతనికి ఎరువుల దుకాణం ఉంది. బండి మీద ఊళ్లన్నీ తిరుగుతాడు కదా అని ఆకులు తెచ్చే పని ఆమే అతనికి చెప్పింది. "ఇన్నేండ్లు ఆకులు చదివి ఏం సాధించినావు? నీకన్నా మేక నయం, తిని పాలన్నా ఇస్తాది."

ఆమె గిన్నె కింద పెట్టి పెరట్లోకి నడిచింది. అక్కడ అత్త యశోదమ్మ పత్తిచెట్టు ముందు నిలబడి తిడుతోంది. "యా పాడుచేతులోడో కొమ్మలన్నీ దూసుకపోయినాడు. ఇంగ వత్తులకు యాడికి పోయేది?"

నాగవేణి మిగిలిన ఆకుల్లో ఒకటి తుంచింది.

రెండు రోజుల తరువాత ఆ ఆకు అక్షరాలు తెర మీదికి వచ్చాయి. ఊళ్ల పేర్లు రాసిన ఆకుల వరసల కింద చేరి, ఒక్కటీ తేడా లేకుండా కలిసిపోయాయి. మేక ఒక్క నమలుకు మింగేసే ఆకులో ఎవరూ దిద్దలేని ఇంత రాత! మనుషులు తనను నమ్మని రోజుల్లోనూ తన ప్రోగ్రామ్ ఆ చెట్టును గుర్తుపడుతూనే ఉంది. ఉద్యోగం సంగతే మరిచిపోయి చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయింది.

తరువాత భర్తకు ఫోన్ చేసి ఆఫీసుకు రమ్మంది. తెర ముందు కూర్చోబెట్టి, పక్కన ప్రభుదాసు నిలబడి ఉండగా, "ఇది అత్తమ్మ చెట్టు. మిగిలింది నువ్వే చెప్పు" అంది.

మహేంద్ర ఆ అక్షరాల వైపు నోరు తెరుచుకుని చూసి, ప్రభుదాసు వైపు తిరిగాడు.

"నేనే దూసినా సార్. చాగలమర్రిలో మొదటి ఇంటికాడ బండి ఆపినా. పెండ్లాం పంపిస్తే ఆడోళ్లను ఆకులు అడుక్కునేకి వచ్చినాడంటారని సిగ్గేసింది. వెనక్కి తిరిగొచ్చి మా అమ్మ చెట్టు ఆకులే అన్ని కవర్లలో పెట్టినా. ఈమె కనిపెడతాదని అనుకోలే. మీరు తప్పు ఈమెదంటాంటే గూడా నోరు మూసుకొనే ఉన్న్యా. ఉద్యోగం పోతే ఇంట్లో పడుంటాదిలే అనుకున్యా సార్."